నైరోబీలో యాప్ క్యాబులు: బుకింగ్ సగం, మిగతా సగం ఫోన్‌కాల్

నైరోబీలో యాప్‌లో కారు దొరికినంత మాత్రాన ప్రయాణం ఖాయమైనట్టు కాదు. చాలాసార్లు నిమిషం తిరక్కముందే డ్రైవర్ ఫోన్ చేస్తాడు. ఎక్కడికి, క్యాషా ఎంపెసానా (ఇక్కడ ఫోన్ నంబరుతో డబ్బు పంపే సేవ) అని అడుగుతాడు. "కార్డు" అంటే క్యాన్సిల్ చేసే అవకాశం ఎక్కువ. ఇది ఫలానా యాప్ లోపం కాదు, అన్నిటిలోనూ ఉన్నదే. డ్రైవర్లలో ఎక్కువమందికి కారు సొంతం కాదు. యజమానికి రోజువారీ అద్దె కట్టాలి, పెట్రోలు ఆ రోజే పోయించుకోవాలి. కార్డు డబ్బు కంపెనీ లెక్క తేల్చాకే చేతికొస్తుంది, అదీ కమిషన్ పోగా. 2022 నియమాల ప్రకారం కంపెనీలు 18 శాతానికి మించి కమిషన్ తీసుకోకూడదు. అది డ్రైవర్లకు కాస్త ఊరటే గానీ, పూట గడవాలంటే చేతిలో డబ్బు పడాల్సిందే.

కాబట్టి ఎంపెసా లేకుండా ఇక్కడ యాప్ క్యాబుల మీద ఆధారపడొద్దు. పాస్‌పోర్టు చూపిస్తే ఎంపెసా నడిపే టెలికాం కంపెనీ సఫారికామ్ సిమ్ ఇస్తారు, అక్కడే ఎంపెసా కూడా రిజిస్టర్ చేయించుకోవాలి. ఇండియా నంబరుతోనే యాప్ వాడితే డ్రైవర్ కాల్ మనకు చేరక, ఆయన విసిగి క్యాన్సిల్ చేస్తాడు. పాత సిమ్‌కు ఓటీపీ వస్తుండగానే యాప్‌లోకి లాగిన్ అయి, ఆ తరవాత ప్రొఫైల్‌లో నంబరు కెన్యాదానికి మార్చడం తేలిక. పాత సిమ్ తీసేశాక లాగిన్ అవబోతే ఆ నంబరుకు వచ్చే ఓటీపీ మనకు అందదు.

డబ్బు పంపేటప్పుడు *334# డయల్ చేస్తే వచ్చే మెనూలోనో ఎంపెసా యాప్‌లోనో వివరాలు కొట్టాక, డబ్బు పోయేముందు అవతలి మనిషి పేరు కనిపిస్తుంది. ఆగి ఆ పేరు డ్రైవర్‌దేనా అని చదవండి. కాకపోతే అక్కడే క్యాన్సిల్ చేయొచ్చు, తొందరపడి దాటేయొద్దు. పొరపాటున వేరే మనిషికి పోతే, డబ్బు పోయినట్టు ఎంపెసా నుంచి వచ్చిన ఎస్సెమ్మెస్‌ను 456కి ఫార్వర్డ్ చేస్తే వెనక్కి రప్పించే ప్రయత్నం చేస్తారు, అవతలివాళ్లు అప్పటికే తీసేసుకోకపోతే. పంపడానికి ఛార్జీ 101 నుంచి 500 షిల్లింగుల దాకా 7, ఆపైన 1,000 దాకా 13, 1,500 దాకా 23. డ్రైవర్ టిల్ నంబరు (దుకాణాలు డబ్బు తీసుకునే ఎంపెసా నంబరు) ఇస్తే మన వైపు ఛార్జీ ఉండదు, అందుకని "టిల్ ఉందా?" అని అడగడంలో తప్పులేదు. క్యాష్ అయితే 50, 100 నోట్లు దగ్గర పెట్టుకోవాలి. 1,000 నోటు తీస్తే చిల్లర లేదనే మాటే ముందు వినిపిస్తుంది.

ఫోన్‌లో మూడో మాట కూడా రావచ్చు: "యాప్ రేటు తక్కువ, కాస్త కలపండి." కెన్యాలో పెట్రోలు ధర నెలకోసారి, 14వ తేదీన ప్రకటిస్తారు. పెరిగిన నెలలో ఈ బేరం ఎక్కువ. 2024లో డ్రైవర్లు యాప్ రేట్లు పక్కనపెట్టి సొంత రేటు పట్టికలు కార్లలో పెట్టుకునేదాకా వెళ్లింది. నా అభిప్రాయం: దూరం ఎక్కువై, వానో ట్రాఫిక్కో ఉంటే 100 షిల్లింగులు కలపడం న్యాయమే. కానీ ఆ మాట ఎక్కకముందే తేలాలి. దిగేటప్పుడు మొదలైన బేరానికి యాప్ అంకె చూపించి అంతే ఇవ్వండి. "క్యాన్సిల్ చేసేయండి, బయట మాట్లాడుకుందాం" అంటే మాత్రం ఒప్పుకోవద్దు. ట్రిప్పు యాప్‌లో లేకపోతే దారి రికార్డు కాదు, అత్యవసర బటన్ పనికిరాదు, సామాను మరిచిపోతే అడగడానికి దిక్కుండదు.

మ్యాప్‌లో మనం ఎక్కే చోటు చూపించే పిన్ దగ్గర ఇంకో చిక్కు. ఇక్కడ డోర్ నంబర్లతో ఇల్లు పట్టడం కష్టం. పెట్రోల్ బంకు, మాల్ గేటు, అపార్టుమెంటు పేరు, ఇవే గుర్తులు. సరిట్ సెంటర్ లాంటి మాల్‌కు ఒకటికి మించి గేట్లుంటాయి, ఏ గేటో మెసేజ్ పెట్టకపోతే కారు అటు, మనం ఇటు. థికా రోడ్డు, వయాకి వే మీద పిన్ అవతలి పక్కన పడితే డ్రైవర్ తరవాతి ఇంటర్‌చేంజ్ దాకా పోయి తిరిగి రావాలి, ఈలోపు క్యాన్సిల్. మనం నడక వంతెన ఎక్కి అవతలికి వెళ్లడమే త్వరగా తేలే పని. సిటీ మధ్యలో, ముఖ్యంగా టామ్ మ్బోయా స్ట్రీట్‌లో, మటాటుల (ఇక్కడి మినీ బస్సుల) మధ్య కారు ఆగే చోటుండదు. ఆగితే నగర పాలన చూసే కౌంటీ సిబ్బంది, ఇక్కడి మాటలో కాంజో, డ్రైవర్‌ను పట్టుకుంటారు. కెన్యాట్టా అవెన్యూ వైపు నడిచి అక్కడినుంచి బుక్ చేస్తే డ్రైవర్లు పెద్దగా వెనకాడరు.

ఉదయం 6:30 నుంచి 9, సాయంత్రం 4:30 నుంచి 8 మధ్య రేటూ సమయమూ రెండూ పెరుగుతాయి. మార్చి నుంచి మే, అక్టోబర్ నుంచి డిసెంబర్ వానల్లో ఇంకా ఘోరం. మొంబాసా రోడ్డు మీద నీళ్లు నిలిస్తే మ్యాప్‌లో చూపించిన 30 నిమిషాలు గంటన్నర అవుతాయి. జోమో కెన్యాట్టా ఎయిర్‌పోర్టుకు వెళ్లేవాళ్లకు అందుకే ఎక్స్‌ప్రెస్‌వే ముఖ్యం. 2022లో తెరిచిన ఈ 27 కిలోమీటర్ల రోడ్డు మ్లోలోంగో నుంచి వెస్ట్‌ల్యాండ్స్ దాకా ఉంది. 2024 జనవరి నుంచి చిన్న కారుకు మొత్తం దూరానికి టోల్ 500 షిల్లింగులు, మధ్యలో ఎక్కితే తక్కువ. యాప్‌లో కనిపించే రేటులో టోల్ కలిసే ఉంటుందని అనుకోవద్దు. డ్రైవర్ "పైనా, కిందా?" (ఎక్స్‌ప్రెస్‌వే మీదా, మామూలు రోడ్డు మీదా) అని అడిగినప్పుడే టోల్ ఎవరిదో తేల్చుకోండి. ట్రాఫిక్ లేని ఆదివారం ఉదయం పైన వెళ్లడం దండగ.

ఎయిర్‌పోర్టు లోపలికి పోయేముందు తనిఖీ దగ్గర ప్రయాణికులు దిగి స్కానర్ గుండా నడవాలి, కారు వేరే వరసలో వస్తుంది. రద్దీలో అక్కడే 15, 20 నిమిషాలు పోతాయి. పాస్‌పోర్టు, ఫోన్ చేతి సంచీలోనే ఉంచుకోండి. టెర్మినల్ కూడా ముందే చెప్పాలి. దేశీయ విమానాలకు 1డి, అంతర్జాతీయం వేరు.

కారు సైజు గురించి ఒక మాట. ఉబర్ 2018లో చాప్‌చాప్ పేరుతో చౌక సర్వీసు పెట్టింది, అందులో సుజుకి ఆల్టోలు. మన ఊళ్లలో తిరిగే ఆల్టోనే అనుకోండి, రెండు పెద్ద సూట్‌కేసులు పట్టవు. మామూలు తరగతిలోనూ విట్జ్, డెమియో లాంటి చిన్నకార్లే ఎక్కువ. ఇద్దరు, నాలుగు బ్యాగులంటే పై తరగతి తీసుకోవాల్సిందే.

బోడా, అంటే బైక్, చిన్న దూరాలకు, జామ్‌లో బాగా పనికొస్తుంది. హెల్మెట్ ఇస్తేనే ఎక్కాలి. వానలో, రాత్రి వద్దు.

నంబర్ ప్లేటు సరిపోయాకే కారెక్కండి. ఒకరి ఖాతాతో మరొకరు నడపడం ఇక్కడ అరుదేమీ కాదు. ఫొటో తేడాగా ఉంటే క్యాన్సిల్ కొట్టి, కారణంగా అదే ఎంచుకోండి. కొన్ని యాప్‌లలో నాలుగంకెల కోడ్ అడుగుతారు. ప్లేటు సరిచూసి, కూర్చున్నాకే చెప్పాలి. సిగ్నల్ దగ్గర కిటికీ తీసి ఫోన్ పట్టుకోవడం మానుకోండి, లాక్కుపోయేవాళ్లు ఉన్నారు.

ఏ యాప్ అంటే, ఒక్కటే పెట్టుకోవడం తెలివితక్కువ. 2015 నుంచి ఉన్న ఉబర్, 2019 దాకా టాక్సిఫై అని పిలిచిన బోల్ట్, స్థానికంగా పుట్టిన లిటిల్, రేటు మనమే ప్రతిపాదించే ఇన్‌డ్రైవ్: కనీసం రెండు ఉంచుకుని ఒకే దూరానికి రేట్లు పోల్చి చూడాలి. బేరం ఇష్టంలేనివాళ్లకు ఇన్‌డ్రైవ్ తలనొప్పి, మిగిలిన వాటిలో ఫోన్‌లో జరిగే బేరం అక్కడ తెర మీదే జరుగుతుంది. నాకది కొంచెం నిజాయితీగానే అనిపిస్తుంది.

ఆఫీసు ఖర్చు కింద రాబట్టుకునేవాళ్లకు: ఈమెయిల్ రసీదులో యాప్ రేటే ఉంటుంది. కలిపి ఇచ్చిన 100, చేత్తో ఇచ్చిన టోల్ అందులో కనపడవు. అందుకని ఆ ఎక్కువ మొత్తాన్ని ఎంపెసాలోనే పంపి, ఆ ఎస్సెమ్మెస్ కోడ్‌ను రసీదుకు జత చేయండి. టోల్ గేటు దగ్గర ఇచ్చే చీటీ డ్రైవర్ చేతికి వెళుతుంది, దిగేముందే ఫొటో తీసుకోండి.