ఫ్రాంక్‌ఫర్ట్ టు పారిస్ ట్రైన్: కొన్నేళ్ళు వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఈ రూట్‌కి నా రేటింగ్ ఐదుకి నాలుగు. ట్రైన్‌కి మాత్రం ఐదుకి ఐదు ఇస్తా, టికెట్ కొనే తతంగానికే ఒక మార్కు కోసేసా. జర్మనీలో ఉన్న మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో సమ్మర్ వచ్చిందంటే ఇదే ప్రశ్న, ఇండియా నుంచి అమ్మానాన్న వస్తున్నారు, పారిస్ చూపించాలి, ఫ్లైటా ట్రైనా బస్సా అని. ప్రతిసారీ మొదట్నించీ టైప్ చేసే ఓపిక లేక అంతా ఒకేచోట రాసేస్తున్నా. ఒక్కడినే వెళ్ళా, ఫ్రెండ్స్‌తో వెళ్ళా, పెద్దవాళ్ళని వెంటేసుకుని కూడా వెళ్ళా కాబట్టి కాస్త ధైర్యంగానే చెప్పగలను.

అసలు ట్రైన్ సంగతి చాలా సింపుల్. ఫ్రాంక్‌ఫర్ట్ మెయిన్ స్టేషన్లో ఎక్కితే పారిస్‌లో గార్ ద లెస్ట్ అనే స్టేషన్లో దిగుతాం, డైరెక్ట్ ట్రైనే, దాదాపు నాలుగు గంటలు. 2007లో మొదలైన సర్వీస్ ఇది, జర్మన్ రైల్వే, ఫ్రెంచ్ రైల్వే కలిసి నడుపుతాయి, టైమ్‌ని బట్టి జర్మన్ వాళ్ళ హైస్పీడ్ ట్రైన్ ఐసీఈ రావచ్చు, ఫ్రెంచ్ వాళ్ళ హైస్పీడ్ ట్రైన్ టీజీవీ రావచ్చు. కొన్ని మాన్‌హైమ్, కైజర్స్‌లౌటర్న్, జార్‌బ్రూకెన్ మీదుగా వెళ్తాయి, కొన్ని కార్ల్స్‌రూహ, స్ట్రాస్‌బర్గ్ మీదుగా. జార్‌బ్రూకెన్ రూట్ అయితే కైజర్స్‌లౌటర్న్ చుట్టుపక్కల అంతా అడవి, వంకర్లు తిరుగుతూ మామూలు స్పీడ్‌లోనే పోతుంది, ఇదేనా హైస్పీడ్ అని మీవాళ్ళు అడుగుతారు, ఆగమనండి. బోర్డర్ దాటి కాసేపయ్యాక హైస్పీడ్ లైను మీదకి ఎక్కుతుంది, ఇక అక్కడ్నించి గంటకి 320 కిలోమీటర్లు. ఐసీఈ అయితే స్క్రీన్ మీద స్పీడ్ చూపిస్తుంది, మా నాన్న ఫోన్ పట్టుకుని ఆ నంబర్ మారేదాకా కూర్చుని ఫోటో తీసి ఊళ్ళో అందరికీ పంపారు. 2007లో ఒక టీజీవీ గంటకి 574.8 కిలోమీటర్ల రికార్డ్ కొట్టింది కూడా ఈ లైను మీదే అని చెప్తే, మరి మనకెందుకు అంత స్పీడ్‌గా తోలట్లేదు అన్నారు, దానికి నా దగ్గర జవాబు లేదు.

ఫ్లైట్ గాల్లో ఉండేది గంటంబావే కానీ, ఎయిర్‌పోర్ట్‌కి రెండు గంటల ముందు వెళ్ళడం, సెక్యూరిటీ, అటు దిగాక పారిస్ ఎయిర్‌పోర్ట్ ఛార్ల్స్ దగాల్ నుంచి ఊళ్ళోకి రావడం అన్నీ కలుపుకుంటే మిగిలేదేం లేదు. రాత్రి బస్సు చీప్, ఒప్పుకుంటా, స్టూడెంట్స్‌కి ఓకే, అరవై దాటినవాళ్ళని మాత్రం దాంట్లో ఎక్కించొద్దు.

ఇప్పుడు అసలు తలనొప్పి, టికెట్. మనకి అలవాటైన ఐఆర్‌సీటీసీ లెక్క ఇక్కడ పనికిరాదు. అక్కడ అరవై రోజుల ముందు ఓపెన్ అవుతుంది, రేటు దాదాపు ఫిక్స్, దొరక్కపోతే వెయిటింగ్ లిస్ట్, ఆర్ఏసీ, తత్కాల్. ఇక్కడ వెయిటింగ్ లిస్టూ లేదు తత్కాలూ లేదు, ఫ్లైట్ టికెట్ లాగే సీట్లు అమ్ముడయ్యేకొద్దీ రేటు ఎక్కుతుంది. నెలన్నర, రెండు నెలల ముందు చూసుకుంటే, మంగళవారం బుధవారం లాంటి రోజైతే నలభై యాభై యూరోల్లో దొరికిన సందర్భాలున్నాయి, అదే శుక్రవారం సాయంత్రానికి గురువారం రాత్రి కూర్చుని వెతికితే వంద దాటిపోతుంది, నలుగురి ఫ్యామిలీ అయితే ఆ తేడాతో పారిస్‌లో హోటల్ ఖర్చు తేలిపోతుంది. తత్కాల్ అలవాటుతో చివరిదాకా ఆగేవాళ్ళు ఇక్కడ దెబ్బతినేది అందుకే.

ఇంకో తమాషా ఏంటంటే అదే ట్రైన్, అదే రోజు, అదే క్లాస్, జర్మన్ రైల్వే యాప్ డీబీ నావిగేటర్‌లో ఒక రేటు, ఫ్రెంచ్ వాళ్ళ ఎస్ఎన్‌సీఎఫ్ కనెక్ట్‌లో ఇంకో రేటు. రెండూ వాళ్ళ వాళ్ళ కోటా, వాళ్ళ వాళ్ళ ఆఫర్లతో అమ్ముకుంటాయి, క్యాన్సిలేషన్ రూల్స్ కూడా వేరువేరుగా ఉంటాయి. కాబట్టి రెండు యాప్‌లూ పక్కపక్కన తెరిచి చూడ్డం ఇప్పుడు నాకు అలవాటైపోయింది, ఎక్కడ తక్కువుంటే అక్కడే కొంటా, కానీ పే చేసేముందు క్యాన్సిల్ చేస్తే డబ్బులొస్తాయా లేదా అన్న లైను మాత్రం చదువుతా. పేరులో సూపర్ అని ఉన్న చౌక జర్మన్ టికెట్‌కి మామూలుగా రీఫండ్ ఉండదు, పెద్దవాళ్ళ వీసా ఇంకా చేతికి రాకుండా అది కొనేయొద్దు.

మధ్యవర్తి సైట్లు బోలెడున్నాయి. అన్ని దేశాల ట్రైన్లూ ఒకేచోట కనిపిస్తాయి, వెతకడానికి బావుంటాయి, నేనూ వెతుకుతా. కొనేది మాత్రం రైల్వే దగ్గరే. అలాంటి ఒక సైట్‌లో ఓసారి కొంటే చివరి పేజీలో సర్వీస్ ఫీజు తగిలించారు, తర్వాత టైమ్ మార్చాల్సొస్తే రైల్వే కౌంటర్‌లో ఆ సైట్ వాళ్ళనే అడగమన్నారు, సైట్ వాళ్ళని అడిగితే మూడ్రోజులకి ఆటోమేటిక్ మెయిల్ వచ్చింది. పది యూరోలు ఎక్కువైనా సరే, ట్రైన్ నడిపేవాడి దగ్గరే టికెట్ ఉంటే గొడవొచ్చినప్పుడు మాట్లాడ్డానికి ఒక మనిషి దొరుకుతాడు.

ఇక డాయిష్‌లాండ్ టికెట్, అంటే జర్మనీ నెలవారీ పాస్, ఉన్నవాళ్ళ కోసం. 2023 మేలో 49 యూరోలతో మొదలై 2025లో 58, 2026లో 63 అయింది, అయినా జర్మనీ మొత్తం లోకల్, రీజనల్ ట్రైన్లన్నీ తిరగొచ్చు కాబట్టి మనవాళ్ళలో చాలామంది దగ్గర ఉంటుంది. దీంతో రెండు దారులున్నాయి. ఒకటి, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మైన్స్ మీదుగా రీజనల్ ట్రైన్లో జార్‌బ్రూకెన్ దాకా దాదాపు మూడు గంటలు ఫ్రీగా వెళ్ళిపోయి, అక్కడ్నించి పారిస్‌కి మాత్రమే హైస్పీడ్ టికెట్ కొనడం, అది రెండు గంటల లోపే. రెండోది, ఓఫెన్‌బుర్గ్ మీదుగా బోర్డర్ ఊరు కేల్ వరకు వెళ్ళడం. కేల్‌లో ట్రామ్ ఎక్కితే రైన్ నది దాటి స్ట్రాస్‌బర్గ్‌లో దింపుతుంది, 2017 నుంచీ ఉందా ట్రామ్, డాయిష్‌లాండ్ టికెట్ కేల్ వరకే కాబట్టి ట్రామ్‌కి వేరే టికెట్ తీసుకోవాలి. స్ట్రాస్‌బర్గ్ నుంచి పారిస్ గంటా ముప్పావు, విగో అనే చౌక టీజీవీలు కూడా ఉన్నాయి, ముందు కొంటే రేటు చూసి నవ్వొస్తుంది అంత తక్కువ.

బానే ఉంది కదా అని అమ్మానాన్నతో ఇది ట్రై చేయొద్దు. డబ్బులు మిగుల్తాయి, రోజు పోతుంది. అంతకన్నా ముఖ్యం, మీ రీజనల్ ట్రైన్ లేటై అవతల టీజీవీ తప్పిపోతే ఆ టికెట్ పోయినట్టే అనుకోవాలి, ఎందుకంటే మీ చేతిలో ఉన్నవి సంబంధం లేని రెండు వేరువేరు టికెట్లు. అదే మీ ఊరి నుంచి పారిస్ దాకా ఒకే టికెట్‌గా కొంటే, మధ్యలో కనెక్షన్ తప్పినా నెక్స్ట్ ట్రైన్లో పంపే బాధ్యత వాళ్ళది. నన్నడిగితే ఈ రూట్ ప్లానింగ్‌లో సగం సంగతి ఇదే, ఏ ట్రైన్ అనేదానికన్నా టికెట్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది అనేది చూడాలి. మీరు డార్మ్‌స్టాట్‌లోనో గీసెన్‌లోనో ఉంటే టికెట్ అక్కడ్నించే వెతకండి, ఒక్కోసారి ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి కొన్న రేటే చూపిస్తుంది.

లేట్ గురించి మొహమాటం లేకుండా మాట్లాడుకుందాం. జర్మనీలో ట్రైన్లన్నీ గడియారం చూసుకుని నడుస్తాయని ఇండియాలో ఇంకా నమ్ముతున్నారు, 2024లో దూరప్రయాణం ట్రైన్లలో టైమ్‌కి వచ్చినవి 62.5 శాతం, అదీ ఆరు నిమిషాల లోపు లేట్‌ని లేట్‌గా లెక్కపెట్టకుండానే. అందుకే రెండు రూల్స్ గుర్తుపెట్టుకోండి. గమ్యానికి గంట దాటి లేటైతే టికెట్ రేట్లో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం వెనక్కి అడగొచ్చు, యూరోపియన్ యూనియన్ మొత్తానికీ ఇదే రూల్, మూడు నెలల్లోపు అడగాలి, తుఫాను లాంటి వాళ్ళ చేతిలో లేని కారణాలైతే ఇవ్వకపోవచ్చు. రెండోది, జర్మన్ చౌక టికెట్ ఆ ఒక్క ట్రైన్‌కే కట్టేసి ఉన్నా, మీరు చేరేది 20 నిమిషాలు లేటవుతుందని తేలిందంటే ఆ కట్టు తెగిపోతుంది, వేరే ట్రైన్ ఎక్కొచ్చు. అయితే పారిస్ ట్రైన్లో సీటు రిజర్వేషన్ లెక్క వేరు కాబట్టి ఊరికే ఎక్కేయకుండా కౌంటర్‌లో ఒక మాట అడిగి ఎక్కండి. ఏదేమైనా పారిస్‌లో దిగిన సాయంత్రమే ఐఫిల్ టవర్ టైమ్ స్లాట్ బుక్ చేసుకోవడం లాంటివి పెట్టుకోవద్దు, మర్నాటికి పెట్టుకోండి.

లగేజ్. మనవాళ్ళు రెండ్రోజుల ట్రిప్‌కి కూడా పెద్ద సూట్‌కేసు, దాంతోపాటు పులిహోర డబ్బాల సంచి, దాంతోపాటు ఎందుకైనా మంచిదని ఇంకో ఖాళీ సంచి. టీజీవీలు చాలావరకు డబుల్ డెక్కర్లు, మెట్లు ఇరుకు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళుంటే బుక్ చేసేటప్పుడే కింది అంతస్తు సీటు ఎంచుకోండి. ఫ్రాన్స్ లోపల తిరిగే మామూలు టీజీవీల్లో 2024 నుంచి లిమిట్ పెట్టారు, మనిషికి రెండు పెద్దవి, ఒక చిన్నది, అన్నిటికీ పేరు ట్యాగ్ ఉండాలి. విగోలో ఇంకా టైట్, ఒక క్యాబిన్ బ్యాగ్, ఒక హ్యాండ్ బ్యాగ్ ఫ్రీ, పెద్దదుంటే డబ్బులు కట్టాలి, ముందే ఆన్‌లైన్‌లో కట్టేయడం నయం.

స్టేషన్ పద్ధతులు కూడా రెండువైపులా ఒకటి కాదు. జర్మనీలో ప్లాట్‌ఫామ్ నంబర్ టికెట్ మీదే ఉంటుంది, కాకపోతే చివరి నిమిషంలో మారుస్తారు, కోచ్‌లు తలకిందులుగా కూడా వస్తుంటాయి, ప్లాట్‌ఫామ్ మీద ఏ, బీ, సీ అని బోర్డులుంటాయి, మీ కోచ్ ఏ అక్షరం దగ్గర ఆగుతుందో యాప్‌లో చూసి అక్కడే నిలబడండి. పారిస్‌లో ప్లాట్‌ఫామ్ నంబర్ బయల్దేరే 20 నిమిషాల ముందు గానీ పడదు, అప్పటిదాకా జనమంతా బోర్డు కింద మెడలు పైకెత్తుకుని నిలబడతారు, పడగానే అందరూ ఒకేసారి కదుల్తారు. తలుపులు టైమ్‌కి రెండు నిమిషాల ముందే మూసేస్తారు, కదిలే ట్రైన్‌ని పరిగెత్తి పట్టుకోవడం లాంటివి ఇక్కడ కుదరవు.

కాగితాల సంగతి. అమ్మానాన్నకి జర్మనీ ఇచ్చిన షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి ఉమ్మడి వీసా) ఉంటే ఫ్రాన్స్‌కి అదే చాలు, సింగిల్ ఎంట్రీ అయినా పర్లేదు, ఎందుకంటే షెంగెన్ బయటికి వెళ్ళట్లేదు. కానీ పాస్‌పోర్ట్ ఒరిజినల్ దగ్గరుండాలి, 2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ అన్ని బోర్డర్లలో చెకింగ్ పెట్టింది, తిరిగొచ్చేటప్పుడు పోలీసులు ట్రైన్లోకి ఎక్కి అడుగుతారు. ఫోన్లో ఫోటో చూపిస్తాం అంటే నడవదు. మీ రెసిడెన్స్ కార్డ్ కూడా అంతే. పారిస్ దాకా వచ్చాం, పక్కనే గార్ ద్యు నోర్ స్టేషన్ నుంచి లండన్ రెండుంబావు గంటలేగా అని ఎవరో ఒకరు అంటారు, యూకేకి వేరే వీసా కావాలి, ఆ ఆశ అక్కడితో ఆపేయండి.

ఒకే పాస్‌తో చాలా దేశాల ట్రైన్లు ఎక్కే యూరైల్ పాస్ కొనమంటారా అని కూడా అడుగుతుంటారు. ఇండియా నుంచి వచ్చినవాళ్ళకి యూరైల్, ఇక్కడ ఉండేవాళ్ళకి ఇంటర్‌రైల్, కాబట్టి ఒకే ఫ్యామిలీ అయినా రెండు వేరే పాస్‌లు కొనాలి. పైగా ఫ్రాన్స్ వెళ్ళే హైస్పీడ్ ట్రైన్లలో పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్‌కి డబ్బులు కట్టాల్సిందే, ఆ సీట్లు కూడా లిమిటెడ్. వారంలో నాలుగైదు దేశాలు తిరిగేవాళ్ళకైతే ఆలోచించొచ్చు, ఉత్త పారిస్ రానూపోనూ అయితే దండగ.

దిగాక తిండికి భయపడక్కర్లేదు. గార్ ద లెస్ట్ నుంచి గార్ ద్యు నోర్ నడిచే దూరమే, దాని వెనక లా షపెల్ అనే ఏరియా మొత్తం శ్రీలంక తమిళుల షాపులే, ఇడ్లీ, దోశ, కరివేపాకు, మురుకులు అన్నీ దొరుకుతాయి, సాంబార్ మన రుచి కాదు కానీ రెండ్రోజులు బ్రెడ్డు తిన్న నోటికి అమృతమే. మా అమ్మ ఐఫిల్ టవర్ కింద కన్నా అక్కడే ఎక్కువసేపు తిరిగింది. హోటల్ ఈ చుట్టుపక్కల తీసుకుంటే తిరుగు ట్రైన్‌కి కూడా దగ్గర, మెట్రోలు 4, 5, 7 స్టేషన్ కిందే, కాకపోతే రాత్రిపూట జేబులు, ఫోన్లు జాగ్రత్త.

చలికాలం ట్రిప్ అనుకునేవాళ్ళు ఒకటి గమనించండి, యూరప్‌లో రైల్వే టైమ్‌టేబుల్ ప్రతి డిసెంబర్ రెండో శనివారం అర్ధరాత్రి మారుతుంది. ఆ తేదీ తర్వాతి ట్రైన్లు యాప్‌లో కనపడకపోతే సర్వీస్ ఆపేసారని కంగారుపడి ఫ్లైట్ కొనేయకండి, కొత్త టైమ్‌టేబుల్ ఇంకా అమ్మకానికి పెట్టలేదన్నమాట, ఫ్రెంచ్ వాళ్ళైతే సీజన్ల వారీగా విడతలు విడతలుగా తెరుస్తారు, ఆ తేదీలు వాళ్ళ యాప్‌లో ముందే చెప్తారు, తెరిచిన మొదటి రోజుల్లోనే చౌక సీట్లు ఎక్కువుంటాయి.