కళింగపట్నం తీరంలో కారు విడిది: ఒక రాత్రి బస

వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం దగ్గర, కార్లలో వచ్చేవారికి గుడారాలు వేసుకునే వీలు కల్పించే ఒక విడిదిలో గత నెల కుటుంబంతో ఒక రాత్రి ఉన్నాం. కాపలాదారు బండి నంబరును, మా ఫోను నంబర్లను రిజిస్టరులో రాసుకోవడమే కాక, కారు ముందు భాగం దారివైపు ఉండేలా తిప్పి నిలపమని చెప్పడం నాకు ఎంతో నచ్చింది. అర్ధరాత్రి ఏ అవసరం వచ్చినా వెనక్కి తీసే పని లేకుండా నేరుగా బయటపడవచ్చు. మరుగుదొడ్డి వరకు దీపాలున్నందున ఆడవాళ్లు నిశ్చింతగా వెళ్లి వచ్చారు.

అయితే ఒక లోపం మాత్రం చిన్నది కాదు. కరెంటు పోగానే మా గుడారానికి నాలుగడుగుల దూరంలోనే జనరేటరు వేశారు. దాని పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగూ వాసనా ఉండవు కనుక, నిద్రలో ఉన్నవారు ఏమీ తెలియకుండానే స్పృహ కోల్పోయే ప్రమాదం ఉంది. కారు ఇంజను ఆపకుండా, అద్దాలు మూసి, ఏసీలో పడుకోవడమూ ఇందుకే ప్రాణాంతకం కావచ్చు. మేము గట్టిగా అడిగిన తరువాతే దాన్ని ప్రహరీ అవతలికి, గాలివాలుకు మార్చారు.

గేటు బోర్డు మీద అత్యవసర నంబరు 112 ఉంది. జాతీయ రహదారి సహాయానికి పిలిచే 1033 కూడా రాయించాలి. జనరేటరు చోటు శాశ్వతంగా మారిస్తే పిల్లలతో మళ్లీ వెళ్తాను.