జాగ్రత్త: వాసన పట్టించి అమ్ముతున్న ఎర్రలు మీ ఇంటికి చేరేసరికి బతికి ఉండవు

గాలం వేసే మిత్రులకు,

"వాసన పట్టించిన సజీవ ఎర" అంటూ ఫోనులో ప్రకటనలు ఇచ్చి, డబ్బాల్లో నింపి పార్సిల్ ద్వారా పంపుతున్న ఎర్రలను, అంటే వానపాములను, దయచేసి కొనకండి. వానలు పడి చెరువుల్లోకి కొత్త నీరు వస్తున్న రోజులు కావడంతో ఈ ప్రకటనలు మరీ ఎక్కువయ్యాయి. నేను నమ్మి కొన్నాను. ఎర్రలకు 450 రూపాయలు, రవాణాకు 120 రూపాయలు ముందే కట్టించుకున్నారు. డబ్బు సంగతి అలా ఉంచితే, ఆ డబ్బా తెరిచినప్పుడు చూసిన దృశ్యం ఇప్పటికీ నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

పావు కిలో ఎర్రలు, సోంపు వాసన, రంగు కూడా పట్టించాం, పది రోజులు బతుకుతాయి, బొచ్చె అయినా రోహు అయినా కొర్రమీను అయినా జెల్ల అయినా దీనికే పడుతుంది. ప్రకటనలో ఉన్నది ఇదీ. ఆ చివరి మాట దగ్గరే నేను ఆగి ఆలోచించవలసింది. బొచ్చె నీటి పై పొరల్లో తిరుగుతూ, నీటిలో తేలే అతి చిన్న జీవులను వడగట్టుకుని తినే చేప. దానికి మన పెద్దలు తవుడు, వేరుశనగ చెక్క కలిపి ముద్ద కడతారు గానీ ఎర్ర గుచ్చరు. కొర్రమీను వేటాడే చేప. ఎదురుగా కదిలే చిన్న చేపనో కప్పనో చూస్తే ఎగబడుతుంది. జెల్ల, మార్పు లాంటి మీసాల చేపలు అడుగున బురదలో తడుముకుంటూ తిరుగుతాయి. వాటి మీసాల మీద, ఒంటి మీద కూడా రుచి తెలిసే మొగ్గలు ఉంటాయి. ఎర్ర బాగా పనిచేసేది అలాంటి చేపలకే. వేర్వేరు తిండి అలవాట్లున్న ఇన్ని చేపలకు ఒక్క డబ్బా చాలునని చెప్పేవాడు ఏనాడూ చెరువు గట్టున కూర్చుని ఉండడు.

మూడు రోజుల్లో రావలసిన పార్సిల్ అయిదో రోజు సాయంత్రం వచ్చింది. ప్లాస్టిక్ డబ్బా, మూత చుట్టూ టేపు, గాలి ఆడటానికి ఒక్క రంధ్రం కూడా లేదు. మూత తీయగానే సోంపు వాసన గుప్పుమంది. మరుక్షణం దాని కింద నుంచి కుళ్లిన గుడ్డు వాసన వచ్చింది. తడి కొబ్బరి పొట్టును పక్కకు తప్పిస్తే ఎర్రలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ముద్దగా ఉన్నాయి. వేలు తగిలితే చాలు, సాగి తెగిపోతున్నాయి. అడుగున గులాబీ రంగు నీరు, దాని మీద నూనె తెట్టు. పదో పన్నెండో ఎర్రలు గోడల వెంబడి పాకి, మూత అంచున ఉన్న సన్నని సందులోకి తల దూర్చి అక్కడే ఎండిపోయాయి. గాలి కోసం పైకి వచ్చాయి పాపం. డబ్బా అంతా వెతికితే కదులుతున్నవి ఆరు.

మా మామయ్య నలభై ఏళ్లుగా గాలం వేస్తున్న మనిషి. డబ్బాను ముక్కు దగ్గరికి తీసుకుని వెంటనే దించేశారు. "అల్లుడూ, ఈ సోంపు వాసన చేపల కోసం పెట్టింది కాదు, నీ ముక్కు కోసం పెట్టింది" అన్నారు. తరువాత వంటింటి త్రాసు తెచ్చి తూచాం. పొట్టు, నీరు అన్నీ కలిపి 260 గ్రాములు. ఎర్రలను వేరు చేసి తూస్తే 85 గ్రాములు. పావు కిలో అని అమ్మింది ఇదన్నమాట.

డబ్బాతో పాటు "అదనపు వాసన కోసం" అని ఒక చిన్న సీసా కూడా పంపారు. అందులో ఏముందో సీసా మీద ఒక్క ముక్క రాసి లేదు. మూత తీస్తే సోంపుతో పాటు ఘాటైన సారా వాసన వచ్చింది. చేయడానికి మనసొప్పకపోయినా, అసలు కారణం తేల్చుకోవాలని మా పెరటి కుండలోని మంచి ఎర్రలు రెండింటిని తడిగుడ్డ మీద ఉంచి ఒక్కదాని మీద ఒక్క చుక్క వేశాను. వేసిన వెంటనే అది మెలికలు తిరిగిపోయింది. ఒంటి మీద నుంచి పసుపు రంగు ద్రవం ఊరింది. వెంటనే నీటిలో కడిగినా ఫలితం లేకపోయింది, అరగంటకల్లా తాడులా చతికిలబడింది. చుక్క వేయని ఎర్ర ఈలోగా గుడ్డ మడతలోకి దూరిపోయింది.

ఎందుకిలా జరుగుతుందో తెలిస్తే ఈ సరుకు ఎవరూ కొనరు. వానపాముకు ఊపిరితిత్తులు లేవు, అది చర్మంతోనే గాలి పీలుస్తుంది. ఒంటి మీది జిగురు తడిగా ఉన్నంతసేపే గాలిలోని ప్రాణవాయువు ఆ తడిలో కరిగి లోపలికి వెళ్తుంది. నూనె పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. సారా కలిసిన సుగంధ ద్రవం పోస్తే ఆ జిగురు ఎండిపోతుంది. ఉప్పు చల్లితే ఒంట్లోని నీరంతా బయటికి లాగేస్తుంది. నిమ్మరసం లాంటి పులుపు చర్మాన్ని కాల్చేస్తుంది. కాబట్టి ముందు రోజే ఒంటికి వాసన పూసి, గాలి ఆడని డబ్బాలో మూసి పంపిన ఎరలో ఏ నాలుగైదో తప్ప బతికి చేరడం అన్నది జరిగే పని కాదు.

అమ్మకందారుకు ఫోటోలు పంపాను. "ప్రాణమున్న సరుకు వాపసు తీసుకోం, ఆలస్యం రవాణా వారిది" అని జవాబిచ్చాడు. తూకం సంగతి అడిగాక నా నంబరుకు జవాబులు ఆగిపోయాయి. నేను చేసిన తప్పు ఒకటుంది. డబ్బా తెరిచేటప్పుడు వీడియో తీయలేదు, తెరిచాక తీసిన ఫోటోలే ఉన్నాయి. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. డబ్బు కట్టిన రసీదు, ప్రకటన బొమ్మ, అమ్మకందారుతో జరిగిన సంభాషణ, అన్నీ అడుగుతారు, చెరిపేయకండి.

మిగిలిన డబ్బాను చెరువు దాకా తీసుకెళ్లనివ్వలేదు మామయ్య. మేము గాలం వేసే చెరువు మత్స్యకార సహకార సంఘానిది, వారు ఒప్పుకున్నారు కాబట్టి అక్కడ కూర్చుంటున్నాం. పేరు తెలియని రంగు, పేరు తెలియని నూనె ఆ నీటిలో కలిపే హక్కు మాకు లేదు. ఆ చేపను ఎవరో ఒకరు వండుకుని తింటారు.

ఎరకు వాసన పట్టించడమే తప్పని నేను అనడం లేదు. పట్టించే పద్ధతి వేరు. మేము చేసేది చెబుతాను. గాలానికి వెళ్లే రెండు రోజుల ముందు ఎర్రలను మట్టిలో నుంచి తీసి, నీటితో కడిగి, నోరు వెడల్పైన మట్టికుండలో తడిపి పిండిన గోనెపట్టా ముక్కల మధ్య వదులుతాం. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి ఒక రాత్రి పళ్లెంలో ఉంచిన నీరే వాడతాం. పొట్టలోని మట్టంతా ఆ రెండు రోజుల్లో బయటికి పోతుంది. ఎర్ర నిగనిగలాడుతుంది, చర్మం గట్టిపడి కొక్కేనికి గుచ్చితే జారదు. మొదటి రోజు సాయంత్రం పట్టా మీద రెండు చిటికెల వేయించిన మెంతిపొడి, గుప్పెడు తవుడు చల్లుతాం. అంతకు మించి వేయకూడదు. తవుడు ఎక్కువైతే పులిసి వేడెక్కుతుంది, ఆ వేడికే ఎర్రలు చస్తాయి. కుండకు మూతగా పలచని గుడ్డ కట్టి, నీడన తడి ఇసుక మీద పెడతాం. ఎండాకాలంలో కుండను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బయటి నుంచి తడపాలి. 35 డిగ్రీలు దాటిన వేడిని ఎర్ర తట్టుకోలేదు.

బయటి వాసన ఏదైనా గట్టు మీదే, కొక్కేనికి గుచ్చిన తరువాతే. మామయ్య అది కూడా పెద్దగా వాడరు. రెండు ఎర్రలను నలిపి ఆ రసంలో గుచ్చిన ఎర్రను ఒకసారి ముంచి వేస్తారు. చీకటి పడుతుండగా జెల్లలకు అంతకంటే మంచి వాసన నేను చూడలేదు. గాలం తాడుకు కట్టి నీటి మీద తేల్చే బెండు రెండుసార్లు వణికి, మూడోసారి పక్కకు లాక్కుపోతుంది.

కొనక తప్పకపోతే దగ్గరలోని వర్మీ కంపోస్టు తయారుచేసే వారి దగ్గరికి స్వయంగా వెళ్లండి. గుప్పెడు ఎర్రలను అరచేతిలో పోయించుకుని చూడండి. వెలుతురు తగలగానే వేళ్ల సందుల్లోకి దూరాలి. మట్టి వాసన తప్ప మరేదీ రాకూడదు. పొట్టు వేరు, ఎర్రలు వేరుగా తూచమనండి. ఒక మాట గుర్తుంచుకోండి, కంపోస్టు గుంతల్లో పెంచే సన్నని ఎర్రని రకం, శాస్త్రీయ నామం ఐసీనియా ఫెటిడా, గుచ్చగానే కంపు కొట్టే పసుపు ద్రవం వదులుతుంది. ఫెటిడా అంటేనే కంపు కొట్టేది అని. కొన్ని చేపలు దాన్ని నోట పెట్టి ఉమ్మేస్తాయి. అరటి పాదుల్లో, పెరటి కాలువ పక్కన తవ్వితే దొరికే మన నేల ఎర్రలే గాలానికి మేలు.

ఇప్పటికే డబ్బు కట్టి పార్సిల్ కోసం ఎదురుచూస్తున్నవారు ఉంటే, తెరిచే ముందు ఫోను కెమెరా ఆన్ చేయండి. చిరునామా చీటీ, టేపు, మూత తీయడం, తూకం, అన్నీ ఆపకుండా ఒకే వీడియోలో రావాలి. పిల్లలను దగ్గరికి రానివ్వకండి, రంగు చేతులకు అంటితే నాకు రెండు రోజులు వదలలేదు. బతికి ఉన్నవి కనిపిస్తే ఆలస్యం చేయకుండా శుభ్రమైన నీటిలో ఒకసారి ముంచి తీసి, తడిగుడ్డలో చుట్టి నీడన పెట్టండి. నా ఆరింటిలో నాలుగు అలా బతికాయి, ఇప్పుడు కుండలో ఉన్నాయి.