ఒకే గురువు, ముగ్గురు శిష్యులు: చైనాను ఎవరి వెంట చదవాలి?

స్కూలు పుస్తకాల్లో మనం హ్యూయన్‌త్సాంగ్ అని చదువుకున్న యాత్రికుడు 7వ శతాబ్దంలో వేంగికీ, ధాన్యకటకానికీ వచ్చి వెళ్లాడు. ఆయన రాసిపెట్టిన ఆ ప్రయాణాన్ని యూరప్ మొదట పూర్తిగా చదివింది ఫ్రెంచిలో. 1857-58లో స్తానిస్లాస్ జూలియన్ దాన్ని అనువదించారు. విచిత్రమేమిటంటే, జూలియన్ జన్మలో చైనా గడప తొక్కలేదు.

చైనా వెళ్లి, అక్కడి రాళ్లనీ గుళ్లనీ కళ్లారా చూసి చదవాలన్న పద్ధతికి ఊపు తెచ్చింది తర్వాతి తరంలో ఫ్రెంచి పండితుడు ఎదువార్ షవాన్. 1889లో పెకింగ్ (ఇప్పటి బీజింగ్) వెళ్లారు. ప్రాచీన చైనా చరిత్రకారుడు సిమా చియెన్ రాసిన చరిత్రలో పెద్ద భాగాన్ని ఐదు సంపుటాలుగా అనువదించారు. 1907లో ఉత్తర చైనా అంతా తిరిగి శాసనాలనీ శిల్పాలనీ ఫొటోలు తీయించుకొచ్చారు. ఆయన శిష్యుల్లో ముగ్గురు మహా గట్టివాళ్లు: పాల్ పెలియో, మార్సెల్ గ్రానే, ఆంరీ మాస్పెరో. ఒకరి పోకడ ఇంకొకరికి లేదు. పాత చైనా గురించి కొత్తగా చదవాలనుకునేవాళ్లకి ఈ ముగ్గురిలో ఎవరు మేలు? నాకు ఫ్రెంచి రాదు. ఇంగ్లీషులోకి వచ్చినంత మేరకే చదివాను కాబట్టి నా తీర్పు కూడా అంతవరకే.

కథగా చెప్పుకోవాలంటే పెలియోని మించినవాడు లేడు. 1878లో పుట్టారు. 1900లో విదేశీయుల మీద బాక్సర్లు అనే చైనా దళాలు చేసిన తిరుగుబాటప్పుడు పెకింగ్‌లో విదేశీ దౌత్య కార్యాలయాలను ముట్టడించారు కదా, అప్పుడు ఆయన లోపల ఇరుక్కుపోయారు. వయసు 22. కాల్పులు కాస్త ఆగిన రోజున అడ్డుగోడ దూకి అవతలి శిబిరంలోకి వెళ్లి, వాళ్లతో చైనీస్‌లో కబుర్లు చెప్పి, టీ తాగి, లోపలివాళ్లకి పండ్లు పట్టుకుని తిరిగొచ్చారు. అసలు ఘట్టం 1908 మార్చిలో, వాయవ్య చైనాలోని దున్‌హువాంగ్ గుహల దగ్గర. వందల ఏళ్లు గోడ వెనక మూతపడి ఉన్న చిన్న గదిలో వేల కొద్దీ రాతప్రతుల చుట్టలు. అంతకు ముందు ఏడాది బ్రిటిష్ పురావస్తు అన్వేషకుడు ఆరెల్ స్టైన్ వచ్చి చాలా పట్టుకెళ్లారు గానీ, ఆయనకి చైనీస్ రాదు. పెలియోకి వచ్చు. ఆ ఇరుకు గదిలో గొంతుక్కూర్చుని, కొవ్వొత్తి వెలుగులో, రోజుకి సుమారు వెయ్యి చుట్టల చొప్పున మూడు వారాలు తిరగేశారు. వెంట వచ్చిన ఫొటోగ్రాఫర్ నువెత్ తీసిన ఫొటో ఉంది: వెనక కట్టల గుట్ట, ముందు ఒక్క కొవ్వొత్తి, మధ్యలో కాగితం మీదకి వంగిన మనిషి.

వెయ్యి చుట్టలు చూడటం గొప్ప కాదు, వాటిలో ఏది ఏమిటో గుర్తుపట్టడం గొప్ప. తలా తోకా లేని ఒక ముక్క దొరికింది. పేరు లేదు, రాసినవాడెవరో లేదు. పెలియో అది 8వ శతాబ్దంలో భారతదేశం తిరిగిన కొరియా బౌద్ధ భిక్షువు హ్యేచో యాత్రా గ్రంథమని పోల్చేశారు. ఎలాగంటే, ఆ పుస్తకంలోని కఠిన పదాలకి అర్థాలిచ్చిన ఒక పాత నిఘంటువుని అంతకు కొన్నేళ్ల ముందే చదివి ఉన్నారు. ఆ పదాలే వరసగా ఈ ముక్కలో కనబడ్డాయి. మన వాళ్లు ఏకసంథాగ్రాహి అంటారే, అదే బాపతు.

మరి చిక్కెక్కడ? రెండు చోట్ల. మొదటిది, గుహకి కాపలాగా ఉన్న వాంగ్ అనే తావో మత సన్యాసికి 500 తాయెళ్ల (తాయెల్ అంటే చైనా పాత తూకం) వెండి ముట్టజెప్పి వేల రాతప్రతుల్ని పారిస్‌కి తరలించారు. కొన్నాడు కాబట్టి న్యాయమే అనేవాళ్లున్నారు. అమరావతి శిల్పాలు లండన్ మ్యూజియంలో ఉన్నాయని తలుచుకుంటేనే కడుపు రగిలే మనం ఆ మాట ఒప్పుకోగలమా? ఆయన తరఫున ఒక్కటి చెప్పాలి. 1909లో పెకింగ్ పండితులకి కొన్ని ప్రతులు తానే చూపించారు. అది చూసి వాళ్లు ఉలిక్కిపడి, మిగిలినవి రాజధానికి తెప్పించేలా ప్రభుత్వాన్ని కదిలించారు.

రెండో చిక్కు మన బోటి పాఠకుడిది. అంత చదివిన మనిషి తీరిగ్గా కూర్చుని ఒక పెద్ద పుస్తకం రాయలేదు. రాసినవన్నీ ఇతరుల పుస్తకాల మీద సమీక్షలు, సవరణలు, ఆ సవరణల కింద అరపేజీ ఆక్రమించే ఫుట్‌నోట్లు. మార్కో పోలో మీద రాసిన నోట్సు కూడా ఆయన పోయాకే అచ్చయింది. అడవిలో ఒక్కో ఆకు పేరూ తెలిసినవాడు, అడవి ఎలా ఉంటుందో మాత్రం చెప్పలేదు.

గ్రానే దీనికి పూర్తి తలకిందులు. 1884లో పుట్టిన ఈయన సామాజిక శాస్త్రవేత్త డర్క్‌హైమ్ శిష్యుడు కూడా. చైనాలో ఉన్నది మొత్తం మీద తక్కువే, ముఖ్యంగా 1911-13 మధ్య. 1919లో చైనా ప్రాచీన గీతాల మీద ఆయన పుస్తకం వచ్చింది. 305 గీతాల ఆ సంకలనాన్ని కన్ఫ్యూషియస్ సంప్రదాయం రెండు వేల ఏళ్లపాటు నీతిపాఠంగానే వ్యాఖ్యానిస్తూ వచ్చింది. ఒక పాటలో వసంతకాలం, ఝెన్, వెయ్ నదులు నిండుగా పారుతున్నాయి. చేతుల్లో పరిమళపు కొమ్మలు పట్టుకుని ఆడామగా గట్టుకొచ్చారు. "చూసొద్దామా?" అంటుంది అమ్మాయి. "చూసొచ్చాగా" అంటాడు వాడు. "అయినా ఇంకోసారి పోదాం రా" అంటుంది. పాత వ్యాఖ్యాతలు దీన్ని రాజ్యం చెడిపోయిందనడానికి సాక్ష్యంగా చూశారు. గ్రానే మాత్రం, అయ్యా, ఇది ఏటి ఒడ్డున పల్లె కుర్రకారు పండగ, పిల్లా పిల్లాడూ పాటకి పాట కట్టుకునే జాతర అన్నారు. ఊళ్లో సరసాల పాటలు విని పెరిగినవాడికి ఇది ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

చదువుతుంటే మత్తెక్కుతుంది. అక్కడే జాగ్రత్తగా ఉండాలి. గ్రానేకి ముందు చిత్రం దొరుకుతుంది, ఆధారాలు తర్వాత దాని చుట్టూ వచ్చి చేరతాయి. చైనా నాగరికత మీద ఆయన 1929లో తెచ్చిన పుస్తకం ఇంగ్లీషులోకి రాగానే, చైనా భూగర్భ శాస్త్రవేత్త డింగ్ వెన్‌జియాంగ్ మూల గ్రంథాలు దగ్గర పెట్టుకుని తప్పులు ఏరి ఉతికి ఆరేశారు. ఆ విమర్శలో పస ఉంది. అయినా మానవ శాస్త్రవేత్త లెవీ స్ట్రాస్, పురాణాల పరిశోధకుడు డ్యూమెజిల్ వంటివాళ్లు గ్రానే దగ్గర నేర్చుకున్నది తప్పుల పట్టికతో కొట్టుకుపోలేదు.

ఇక మాస్పెరో. 1883లో పుట్టారు. తండ్రి గాస్తోన్ మాస్పెరో ఈజిప్టు పురావస్తు రంగంలో మహామహుడు. ఈయన 1908 నుంచి పన్నెండేళ్లు హనోయ్‌లోని ఫ్రెంచి విద్యా సంస్థలో పనిచేశారు. అక్కడి కొండల్లో తాయ్ తెగల పెళ్లిళ్లూ చావులూ భూమి పూజలూ గమనించారు. ప్రాచీన చైనా గ్రంథంలో అర్థం కాని తంతు తగిలితే ఈ బతికున్న జనంతో పోల్చి చూసేవారు. గ్రానేకి ఊహ చేసి పెట్టిన పనే, ఈయనకి కాళ్లరిగేలా తిరగడం చేసి పెట్టింది. తొలి చక్రవర్తులు వరదల్ని అదుపు చేశారన్న "చరిత్ర" నిజానికి పురాణమేనని 1924లో చూపించిన వ్యాసానికి వెనక ఈ తాయ్ కథలే ఉన్నాయి. 1927లో వచ్చిన ప్రాచీన చైనా చరిత్ర మూలాల నుంచి పక్కకి పోదు, అలాగని ఫుట్‌నోట్ల కింద నలిగిపోదు. తర్వాత ఎవరూ పట్టించుకోని తావో గ్రంథ భాండాగారంలో దిగారు. వెయ్యికి పైగా గ్రంథాలు, సగం సంకేత భాషలో. శ్వాస బిగబట్టి ఆయుష్షు పెంచుకునే సాధనల మీద ఆయన రాసినవి చదువుతుంటే మన ప్రాణాయామం పదే పదే గుర్తొస్తుంది.

నా ఓటు మాస్పెరోకే. ముందు ఆయన ప్రాచీన చైనా చరిత్ర, ఆ పక్కనే గ్రానే పాటల పుస్తకం. ఇంగ్లీషులో రెండూ ఉన్నాయి. తవ్వకాలు పెరిగాక మాస్పెరోలోనూ కొన్ని పాతబడ్డాయి, ముఖ్యంగా చైనా తొలి రాజవంశాల్లో ఒకటైన షాంగ్ రాజుల కాలం గురించినవి. ఆ సంగతి తెలుసుకుని చదివితే చాలు. పెలియోని మొదట పట్టుకుంటే మూడో పేజీకే మూసేస్తారు. ఎక్కడైనా ఒక పేరు దగ్గర, ఒక తేదీ దగ్గర అనుమానం వస్తే అప్పుడు వెళ్లి ఆయన తలుపు తట్టాలి.

ముగ్గురూ రెండో ప్రపంచ యుద్ధ కాలంలోనో, అది ముగియగానేనో పోయారు. పారిస్ జర్మన్ల చేతికి చిక్కిన ఏడాదే, 1940 నవంబరులో గ్రానే. యుద్ధం ముగిశాక 1945 అక్టోబరులో పెలియో. మాస్పెరో కొడుకు నాజీలని ఎదిరించే దళంలో ఉన్నాడన్న కారణంగా 1944 జులైలో తండ్రినీ తల్లినీ పట్టుకుపోయారు. ఆగస్టులో పారిస్ విముక్తికి పది రోజుల ముందు కదిలిన రైల్లో మాస్పెరోని జర్మనీలోని బుకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరానికి పంపారు. 1945 మార్చి 17న అక్కడే చనిపోయారు. ఏప్రిల్ 11న అమెరికన్ సైన్యం ఆ శిబిరానికి చేరింది. ఇంట్లో మిగిలిన తావో కాగితాలని మరో చైనా పండితుడు పాల్ దెమియేవిల్ సర్ది 1950లో అచ్చు వేయించారు.