బోర్డు గేమ్‌లో కాలప్రయాణం: మళ్లీ మొదలా, తిరగేతా, అప్పా? ఏది మేలు?

కాలప్రయాణం మీద బోర్డు గేమ్ చేద్దామనుకుంటే మొదటి చిక్కు ఒకటే. మూడో రౌండ్‌కి వెనక్కి వెళ్లాలంటే, అప్పుడు ఎవరి చేతిలో ఏముందో, ఏ పావు ఎక్కడుందో ఎవరికి గుర్తుంటుంది? కంప్యూటర్ ఆటలో ఆ లెక్కంతా యంత్రం దాస్తుంది. బల్ల మీద మనుషులే దాచుకోవాలి. నలుగురు కూర్చుంటే రెండు రౌండ్లకే లెక్క తప్పుతుంది, వాదన మొదలవుతుంది. కాబట్టి ఆడేసిన ఎత్తును చెరపకుండానే వెనక్కి వెళ్లొచ్చే పద్ధతి కావాలి. కర్నూలు, కడప, అనంతపురాల్లో ఇంట్లోనే ఆట తయారు చేసుకునేవాళ్లకు మూడు దారులున్నాయి.

మొదటిది ‘మళ్లీ మొదలు’. 2015లో వచ్చిన టైమ్ స్టోరీస్ అనే బోర్డు గేమ్ ఈ పద్ధతిదే. జట్టుకు ఇంత కాలమని లెక్కగా ఇస్తారు, కదిలినా పరీక్షకు దిగినా అది కరుగుతుంది. అయిపోతే మొదటికి రావాలి, తెలుసుకున్నది మాత్రం బుర్రలో ఉంటుంది. రాసిపెట్టుకునే పని దాదాపు లేదు. కానీ రెండోసారి అవే తలుపులకు అవే పాచికలు వేయడం విసుగు. ఒకసారి గెలిచిన పరీక్షకు మళ్లీ పాచిక అక్కర్లేదని నియమం పెడితే సగం విసుగు పోతుంది. గుట్టు తెలిశాక అదే జట్టు ఇంకోసారి ఆడలేదు. గండికోట మీద పాతిక కార్డుల మిస్టరీ కష్టపడి రాస్తే ఒక్క సాయంత్రంతో సరి. అందుకే ఇంట్లో చేసేవాళ్లకు ఇది గిట్టుబాటు కాదు.

రెండోది ‘తిరగేత’. 2000లో వచ్చిన క్రోనోనాట్స్ అనే కార్డుల ఆటలో 32 చరిత్ర కార్డులు బల్ల మీద పరుస్తారు. కీలక ఘటన కార్డును తిప్పితే, దాని మీద ఆధారపడ్డ తర్వాతి కార్డులూ తిరగబడతాయి. మన చరిత్రకు ఇది చక్కగా అతుకుతుంది. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య 1937 నవంబర్ 16న కుదిరిన శ్రీబాగ్ ఒప్పందం కీలక కార్డు, 1953 అక్టోబర్ 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని కావడం ప్రభావ కార్డు. ఒప్పందం తిరగబడితే రాజధాని కార్డుకూ పట్టు తప్పుతుంది. 1800లో దత్తమండలాలు (నేటి రాయలసీమ ప్రాంతం) ఈస్టిండియా కంపెనీ చేతికి పోవడం నుంచి 1956 నవంబర్ 1న రాజధాని హైదరాబాద్‌కి మారడం దాకా పన్నెండు కార్డులు చాలు. నాలుగు కీలకం, ఎనిమిది ప్రభావం.

ఇక్కడ తప్పేది గొలుసు దగ్గర. తిరగబడ్డ ప్రభావ కార్డు ఇంకో కార్డును తిప్పకూడదు. ఆ కట్టడి లేకపోతే ఒక్క ఎత్తుకే వరస మొత్తం బోర్లా పడుతుంది. ఒక ప్రభావ కార్డుకు రెండు కీలక కార్డుల కంటే ఎక్కువ కారణాలు రాయొద్దు. ప్రింటింగ్‌లోనూ జాగ్రత్త: ఏ4 షీటుకు 63×88 మి.మీ. కార్డులు తొమ్మిది పడతాయి, వెనక వైపు వరసలను ఎడమ కుడి తారుమారు చేసి పేర్చకపోతే ఒక కార్డు వెనక ఇంకో కార్డు బొమ్మ వస్తుంది. నలుగురితో ఆడితే మీ వంతు వచ్చేసరికి బల్ల మారిపోయి ఉంటుంది, ఎత్తు వేసుకోవడం కుదరదు. ఇద్దరు ముగ్గురికే బాగుంటుంది.

మూడోది ‘అప్పు’. నా ఓటు దీనికే. 2017 నాటి అనాక్రొనీ అనే ఆటలో భవిష్యత్తులోని మీ నుంచి మీరే సరుకు తెచ్చుకుంటారు, తర్వాత కాలంలో వెనక్కి వెళ్లి ఇచ్చేయాలి. తొలకరికి విత్తనం అప్పు తెచ్చి వేరుశనగ చేతికొచ్చాక తీర్చినట్టే గనక అనంతపురంలో ఎవరికైనా ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. ఆడేసింది ఏదీ చెరగదు.

ఇంట్లో ఇలా చేయండి. ఎనిమిది గళ్ల పట్టీ గీయండి, గడికో రౌండ్. చింతపిక్కలు నీళ్లు, గవ్వలు విత్తనం, పూసలు కూలీలు. నలుగురికైతే ఒక్కో రకం పన్నెండు. ఒక్కొక్కరికి వారి రంగు అప్పుబిళ్లలు మూడు. రౌండ్ మొదట్లో రెండు సరుకుల దాకా బ్యాంకు నుంచి తీసుకుని, ఒక్కోదానికి ఒక బిళ్లను ఆ రౌండ్ గడిలో పెట్టాలి. ఏ సరుకో బిళ్ల మీద పెన్సిల్‌తో రాయాలి. తీర్చడానికి ఆ రౌండ్‌లో ఒక పని (ఒక ఎత్తు) వదులుకుని అదే సరుకు ఇవ్వాలి. నీళ్లు తెచ్చి గవ్వ ఇస్తామంటే కుదరదు, ఆనాడు అందింది నీళ్లే కదా. తీర్చేటప్పుడు మొదట రెండు రౌండ్ల వెనకున్న గడి దాకే వెళ్లగలరు, ఇంకో రెండు కావాలంటే సరుకు కట్టి పెంచుకోవాలి.

తీర్చనివాళ్లకు శిక్ష సరిగ్గా తూగాలి. రౌండ్ చివర తీరని ఒక్కో బిళ్లకు ఒక పాచిక వేయండి. ఒకటి, రెండు పడితే ఒక మెలిక టోకెన్ (కాలం చిక్కుపడిందన్న గుర్తు). మూడు మెలికలైతే ఆట అయ్యేదాకా మీరు పనులు చేసుకునే గళ్లలో ఒకటి మూతపడుతుంది. లెక్క చూడండి: ఒక్క బిళ్లే ఉంటే మూడు మెలికలకు సగటున తొమ్మిది రౌండ్లు పడుతుంది, ఆట ఎనిమిదే. రెండైతే దాదాపు ఐదు, మూడైతే మూడు పైచిలుకు. ఒక అప్పు తేలిక, మూడు అప్పులు గొంతుమీదకొస్తాయి. మూడు ముఖాలకు మెలిక ఇస్తే ఎవరూ అప్పు జోలికి పోరు, ఒక్క ముఖానికే ఇస్తే అందరూ తెచ్చుకుంటూనే ఉంటారు.

ఎక్కువ ఆటలు చెడేది చివర్లో. తీర్చే వేళ ఎలాగూ ఉండదని అందరూ ఏడు, ఎనిమిది రౌండ్లలో బిళ్లలన్నీ దింపుతారు. ఆ రెండు రౌండ్లలో అప్పు మూసేయండి, ముందరివి తీరకుండా మిగిలితే బిళ్లకు మూడు పాయింట్లు కోయండి.

ఇద్దరే ఉండి చదరంగంలా లోతుగా ఆలోచించే ఆట కావాలంటే మాత్రం ఈ మూడూ వదిలేసి, నిన్న, నేడు, రేపు అని మూడు 4×4 పలకలు గీయండి. దట్ టైమ్ యూ కిల్డ్ మీ అనే ఆట ఆ పద్ధతిదే. పావు నిన్నటిలోకి దూకితే బయలుదేరిన చోట దాని నకలు మిగులుతుంది. ఎదుటివారి పావులన్నీ ఒకే కాలం పలక మీద మిగిలితే గెలుపు మీది.