అన్న గొంతు వినిపించిన యాప్, అన్న వెళ్లిపోయాడని మాత్రం చెప్పలేదు

గంజాయి మానడానికి, దాంతోపాటు పట్టుకున్న దిగులు నుంచి బయటపడటానికి రెండేళ్ల నాలుగు నెలలు ఒక యాప్ వాడాను. ఇలాంటివి ఎలా ఉంటాయో వెతికేవాళ్లకు తెలిసిందే. శిక్షణ తీసుకున్న కుర్రాడిని, మనకంటే రెండు మూడేళ్లు పెద్దవాడిని, మనకు జత చేస్తారు. అసలు పేర్లుండవు. మెసేజ్‌లు, వాయిస్‌లు, అంతే. యాప్ పేరు రాయట్లేదు. నాకు జరిగింది వేరే యాప్‌లోనైనా జరగొచ్చు. నేను చెప్పాలనుకున్నది ఆ జత గురించే, నేను అన్న అని పిలిచినవాడి గురించే.

మాది ఆమదాలవలస దగ్గర పల్లె. శ్రీకాకుళంలో రూమ్ తీసుకుని ఇంటర్ చదివేటప్పుడు, పదిహేడేళ్లకు, అలవాటైంది. ఎవరికి చెప్పుకోవాలి? నాన్నకు తెలిస్తే తన్నులు, కాలేజీలో తెలిస్తే టీసీ, ఆసుపత్రికి వెళ్తే పోలీసు కేసు అని భయం. వాడుతూనో, కొద్దిపాటి సరుకుతోనో దొరికినవాడు ప్రభుత్వం గుర్తించిన చోట తనంతట తాను చికిత్సకు ఒప్పుకుంటే మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్)లోని 64ఎ సెక్షన్ కొంత రక్షణ ఇస్తుందట. ఆ సంగతి నాకు యాప్‌లో అన్న చెబితేనే తెలిసింది.

మొదటి రాత్రి వచ్చిన వాయిస్ ఇప్పటికీ చెవిలో ఉంది. "ఏటి తమ్ముడా, నిద్దర పట్నేదా?" వెనక రైలు కూత. కరెంటు పోయి డాబా మీద పడుకుని విన్నాను. అప్పటిదాకా ఈ విషయం మీద నేను విన్నవన్నీ పోస్టర్ల తెలుగే: "మాదకద్రవ్యాలకు దూరంగా ఉండండి". మా యాసలో ఒక మనిషి నన్ను అడగడం అదే మొదలు. నాలుగుసార్లు విన్నాను. ఏడ్చాను కూడా.

ఆయన చెప్పినవి పనికొచ్చే మాటలు. మొదటి వారమే కష్టం అన్నాడు. చిరాకు, నిద్ర పట్టకపోవడం, అన్నం సహించకపోవడం రెండు వారాల్లో చాలావరకు సర్దుకుంటాయని, పిచ్చి కలలు మాత్రం ఇంకొన్నాళ్లు ఉంటాయని చెప్పాడు. అచ్చం అలాగే జరిగింది. మనసు లాగినప్పుడు ఇరవై నిమిషాలు ఎలాగోలా గడిపేయమనేవాడు, అది అల లాంటిది, లేచినట్టే దిగుతుందనేవాడు. అర్ధరాత్రి రెండింటికి వాయిస్ పెట్టినా పలికేవాడు.

పదో నెలలో పలకలేదు. మూడు రోజులు చూశాను. నాలుగో రాత్రి ఒక్క లైన్ వచ్చింది: "మీకు కొత్త సహచరుడిని కేటాయించాం." పైకి జరిపి చూస్తే పాత సంభాషణ మొత్తం ఖాళీ. గోప్యత కోసం తీసేశారట. ఆ మొదటి వాయిస్ కూడా పోయింది. కొత్తగా వచ్చినవాడు మంచివాడే, మర్యాదగా "మీరు" అన్నాడు. కానీ మొదటి ప్రశ్నే "ఎప్పటి నుంచి వాడుతున్నారు?" పది నెలల కథ మళ్లీ మొదటి నుంచి చెప్పే ఓపిక నాకు లేదు. అన్నకు నేనంటే విసుగొచ్చిందా, ఆయనే మళ్లీ మొదలుపెట్టాడా, అసలు ఉన్నాడా? రాత్రంతా ఇవే. మర్నాడు సాయంత్రం రైల్వే గేటు వెనక్కి, మళ్లీ గంజాయికే, వెళ్లాను. పదకొండు రోజులు రోజూ వెళ్లాను.

పన్నెండో రోజు 14416కి ఫోన్ చేశాను. మనసు బాగోలేనివాళ్ల కోసం 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ టెలి మానస్ నంబర్ అది. రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఫోనెత్తిన ఆవిడ ఇరవై నిమిషాలు విని, డాక్టర్ దగ్గరికి ఎవరితో వెళ్లగలవని అడిగింది. అమ్మతో అన్నాను. ఆ రాత్రి అమ్మకు చెప్పాను, వారంలో వెళ్లాం. నాన్నకు ఇప్పటికీ సగమే తెలుసు.

అన్నకు చెన్నైలో ఉద్యోగం వచ్చిందని, వాలంటీరు గడువు అయిపోయిందని రెండు నెలల తర్వాత యాప్ వాళ్ల దగ్గర్నుంచి జవాబు వచ్చింది. వెళ్లేముందు ఒక్క వాయిస్, "నేను వెళ్తున్నాను తమ్ముడా" అని, పెట్టనిచ్చి ఉంటే సరిపోయేది. ఈ కోపం నాకింకా పోలేదు.

ఆ కోపం పక్కనపెట్టి చూస్తే, పైన మెచ్చుకున్నదాన్ని కొంచెం సవరించుకోవాలి. డాక్టర్‌ని కలవమని అన్న కనీసం ఐదుసార్లు చెప్పాడు. నేను గొంతు విన్నాను గానీ మాట వినలేదు. ఇంకోటి, రెండింటికి పలికాడని పొంగిపోయానే, ఇరవై ఏళ్ల కుర్రాడు రోజూ రెండింటిదాకా మేలుకుని ఇంకొకడి బాధ వింటుంటే ఆయన్ని ఎవరు కనిపెట్టుకుని ఉన్నారు? అప్పుడు నాకా ఆలోచనే రాలేదు.

ఇప్పుడు అదే యాప్‌లో నేనూ వాలంటీరునే. ఎవరు జతపడినా మొదటి వాయిస్‌లోనే చెప్పేస్తాను: "మార్చి దాకా ఉంటాను. ఆ తర్వాత ఇంకొకరు వస్తారు. పదకొండు దాటితే పలకను, అప్పుడు 14416కి చెయ్యి."

వాడమంటానా? నాకు సొంత ఫోన్ ఉంది, పడుకోవడానికి డాబా ఉంది, కొట్టకుండా వినే అమ్మ ఉంది. ఇవన్నీ ఉన్నాయి కాబట్టి నాకు కుదిరింది. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్ ఉన్న పిల్లాడికి మెసేజ్ స్క్రీన్ మీద కనబడటమే పెద్ద ప్రమాదం, నోటిఫికేషన్లు ఆపుకోవాలి. రోజూ గంజాయో మద్యమో తాగేవాడైతే ముందు డాక్టర్, తర్వాతే ఇది. మా పిన్ని కొడుకు ఫోన్‌లో ఈ మధ్య ఈ యాప్ వేయించాను. వాడి నోట్‌బుక్ అట్ట వెనక 14416 కూడా రాయించాను.