పిల్లలకి ఇంట్లో మన ముందే ఒక బీరా, 21 ఏళ్ళ దాకా అసలు వద్దా?
బెజవాడలో కొందరిళ్ళల్లో ఇంటర్ పిల్లోడికి నాన్నే బీర్ పోస్తాడు, బందరు కాలవ గట్టు మీద దొంగచాటుగా తాగేకంటే మన కళ్ళముందే నయం కదండీ అంటారు. వినడానికి బానే ఉంటది. కానీ ఇంట్లో పర్మిషన్ దొరికినోడు బయట మానేస్తాడా, ఇంకా ధైర్యంగా తాగుతాడు, పైగా మెదడు 25 ఏళ్ళ దాకా ఎదుగుతూనే ఉంటది, చిన్నప్పుడే మొదలెట్టినోళ్ళకి అలవాటు ముదిరే ఛాన్స్ ఎక్కువ.

అసలు వద్దనడం రెండోది, ఏపీలో చట్టమూ 21 అనే అంటది (నాన్నే రోజూ గ్లాసు పట్టుకుంటే ఎవడు వింటాడు, అది వేరే సంగతి). దీంట్లో తిప్పలేంటంటే మరీ భయపెడితే దాస్తారు, తాగేసి అర్ధరాత్రి బెంజ్ సర్కిల్ మీదుగా బండేసుకొస్తారు, అసలు డేంజర్ అదే. నా ఓటు వద్దనడానికే, కాకపోతే "ఎప్పుడైనా తాగావా, బండి తీయకు, ఫోన్ చెయ్యి, తిట్టకుండా వచ్చి తీసుకెళ్తా" అని ముందే చెప్పి ఉంచాలి.